నంద్యాల చేరని కారు

చక్రాన్ని కనిపెట్టిన మహానుభావుడు ఎవరో చరిత్రకు తెలీదు. దాన్ని ఆపడం కనిపెట్టింది మాత్రం మన ఆఫీసులేనని నేను ప్రమాణపూర్వకంగా చెప్పగలను. నంద్యాలలో ఒక పూటంతా నిలబడి నా కండ్లతో చూసినా కాబట్టి చెప్తాండా.

ఆళ్లగడ్డలో మా పక్కిల్లు అరుణకుమారి టీచరుది. ఆమె భర్త సంజీవయ్యన్న ఆర్టీసీలో కండక్టరు. ఆళ్లగడ్డ బస్సు వాకిట్లో నిలబడి "నంద్యాల, నంద్యాల" అని అరిచి అరిచి గొంతు అరగదీసుకున్న మనిషి. కిడ్నీలు పోయినాక ఉద్యోగం మానుకున్నాడు. వారానికి మూడు తూర్లు నంద్యాల ఆసుపత్రిలో డయాలసిస్. ఊరందరినీ బస్సెక్కించిన మనిషి ఇప్పుడు బస్సు మెట్టు ఎక్కలేడు. టీచరమ్మే వాళ్ల పాత ఎర్ర కారులో, ఎనక సీట్లో కూర్చోబెట్టుకోని తీసుకపోతుంది. కారు తిరిగితేనే ఆయన ప్రాణం నిలుస్తాది. ఈ కథలో గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే. (ప్రభుత్వం గుర్తుపెట్టుకోవాల్సిందీ ఇంతే. కానీ దానికి పనులెక్కువ.)

ఆ కారుకు ఒకరోజు శిరివెళ్ళ దగ్గర ముందు చక్రం రిమ్ము పగిలింది. మిగతావి చూస్తే అవీ తుప్పు పట్టి, రేపో మాపో అన్నట్టుండాయి. బస్టాండు ఎనక షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు శేషయ్య కారు చుట్టూ తిరిగి, చావు కబురు చెప్పేవాడి మాదిరి తలగుడ్డ తీసినాడు.

"ఈ బండిని దీన్ని చేసిన కంపెనీవాడే మర్చిపోయినాడు టీచరమ్మా. దీని రిమ్ములు యాడా దొరకవు. వేరే బండివి ఎక్కిస్తా."

"వేరే బండివి దీనికి పడతాయా అప్పా?"

"పట్టకపోతే పట్టిస్తాం."

(రాయలసీమలో ఇంజినీరింగు శాస్త్రమంతా ఈ రెండు మాటల్లోనే ఉంది. దీన్నే కాలేజీల్లో నాలుగేండ్లు చెప్తారు, పాపం.)

యాక్సిడెంటయిన పెద్ద కారు ఒకదాని చక్రాలు పట్టుకొచ్చినాడు. బోల్టు బొక్కలు కలవలేదు. మధ్యలో ఇనప ప్లేటు పెట్టి కలిపినాడు. మడ్‌గార్డు అడ్డమొచ్చింది. సుత్తితో దానికి బుద్ధి చెప్పినాడు. చక్రాలెక్కినాక కారు జానెడు పైకి లేచింది. సంజీవయ్యన్న ఎక్కడానికి ఇంట్లో నుంచి పీట తెచ్చుకోవాల్సొచ్చింది.

"రెండు సంగతులు మతికి పెట్టుకోండి," అన్నాడు శేషయ్య. "స్టీరింగు పూర్తిగా తిప్పొద్దండి, చక్రం మడ్‌గార్డుకు రాసుకుంటాది. ఇంకోటి, చక్రం పెద్దది గదా, తక్కువ తూర్లు తిరుగుతాది. మీటరు రవ్వంత తక్కువ చూపిస్తాది. దాంతో మనకేం పని? బండి పోతే చాలు."

ఆ మాట అని నాలుగు నిమ్మకాయలు తెచ్చినాడు. టీచరమ్మ వాళ్లు క్రైస్తవులు. "మాకు ఆ అలవాటు లేదప్పా, మేం ప్రార్థన చేసుకుంటాం" అనింది. "మీ ప్రార్థన మీరు చేసుకోండి. బోల్టులు బిగించింది నేను, నా భయం నాది" అని నాలుగు చక్రాల కిందా పెట్టినాడు. ఆ విధంగా పైవాళ్లందరి అనుమతులూ తీసుకోని కారు కదిలింది. కిందివాళ్ల అనుమతి ఒక్కటే మిగిలింది.

పాత కారు రోడ్డు మీద తిరగాలంటే ఇంకా తిరగ్గలదని రుజువు చేసుకోవాల. దానికోసం నంద్యాలలో 'వాహన యథాతథ నిర్ధారణ కేంద్రం' అని ఒక పవిత్ర స్థలం వెలసింది. ఒకప్పుడు దళారులు ఇంట్లో ఉన్న బండికి ఆఫీసులో సర్టిఫికెట్టు తెప్పించేవాళ్లంట. దాన్ని అరికట్టడానికి 'స్వయం దూర ధ్రువీకరణ' పెట్టినారు. బయలుదేరే ముందు ఇంటి దగ్గర మీటరు ఫొటో తీసి 'రాకపోక' అనే యాప్‌లో పెట్టాల. కేంద్రం లోపలికొచ్చినాక ఇంకొక ఫొటో పెట్టాల. తిరిగి ఇల్లు చేరినాక ఆఖరిగా ఇంకోటి. మొదటి రెండింటి తేడా ప్రభుత్వం చెప్పిన దూరంతో సరిపోతే బండి వచ్చినట్టు. ఇంత చక్కని ఆలోచన మామూలు మనుషులకు రాదు, కమిటీ వెయ్యాల.

టీచరమ్మకు దొరికిన అపాయింటుమెంటు పాత సర్టిఫికెట్టు గడువుకు ఆఖరి రోజున. (అంతకుముందు రోజులన్నిటికీ యాప్‌లో 'సర్వరు విశ్రాంతి తీసుకుంటున్నది' అని వచ్చింది. మనుషులకు లేని విశ్రాంతి దానికన్నా ఉంది, సంతోషం.) అదే రోజు పదకొండింటికి డయాలసిస్. పొద్దున్నే కారు పని చూసుకోని అట్నే ఆసుపత్రికి పోదామనుకున్నారు. పీట పట్టుకునే ఉద్యోగం మీద నేను గూడా ఎక్కినా.

తొమ్మిదింటికి కేంద్రం లోపలికి పోయి ఫొటో పెట్టినాం. యాప్ ఇట్ల చెప్పింది: "మీరు ఇంకా దారిలో ఉన్నారు. దయచేసి ప్రయాణం కొనసాగించండి."

లోపల దూర ధ్రువీకరణాధికారి రాజశేఖర్ గారు కూర్చోనుండారు. చాలా మర్యాదస్తుడు. ఆయన కోప్పడి ఉంటే మాకు బాగుండేది.

"సార్, మేమొచ్చి అర్ధగంటయింది, యాప్ తీసుకోలేదు," అనింది టీచరమ్మ.

"యాడికొచ్చినారు మేడం?"

"ఈడికే. మీ ముందర నిలబడుకోనే గదా మాట్లాడతాండా?"

"మీరొచ్చినారు, నేను కాదనను. కారు రాలేదు." ఆయన కంప్యూటరు మా పక్కకు తిప్పినాడు. "దూరంలో ఆరు కిలోమీటర్లు తగ్గింది. అంటే మీ కారు నంద్యాలకు ఆరు కిలోమీటర్ల అవతల ఉంది."

"ఆ కిటికీలో నుంచి చూడండి సార్. ఆ ఎర్ర కారే."

"చూస్తే కనపడతాది మేడం. అందుకే మేం చూడం. కంటితో చూసి రాయడం పాత పద్ధతి, దాంట్లో అవినీతి ఉండేది."

చక్రాల సంగతంతా టీచరమ్మ విడమర్చి చెప్పింది. ఆయన బాగా విన్నాడు. "చక్రాలు మార్చినట్టు దరఖాస్తు పెట్టుకోవచ్చు మేడం. కారు వచ్చినాక."

బయటికొస్తే కారులో నుంచి సంజీవయ్యన్న అడిగినాడు. "ఏమంటాండారు?"

"మనం ఇంకా నంద్యాలకు రాలేదంట."

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. "నా సర్వీసంతా జనాన్ని ఈ ఊర్లోనే గదా దింపినా. ఏందీ, అందరినీ దారిలోనే దింపేసినానా?"

నేను మళ్లీ లోపలికి పోయి, ఇప్పుడేం జెయ్యాల సార్ అని అడిగినా. మిగిలిన ఆరు కిలోమీటర్లు వచ్చెయ్యమన్నాడు. ఇంకా ముందుకు పోతే ఆత్మకూరు దారి పడతాం గదా అంటే, గేటు దాటితే కేంద్రాన్ని దాటిపోయినట్టు లెక్క, ఆవరణలోనే తిరగండి అన్నాడు. దీన్ని 'అంతర్గత దూర పూరణ' అంటారని, నియమం చాలా ఉదారమైనదని వివరించినాడు.

ఆవరణలో అప్పటికే బండ్లు గుండ్రంగా తిరుగుతాండాయి. మన జిల్లాలో సొంత చక్రాల మీద నిలబడిన పాత బండి ఒక్కటీ లేదని నాకు ఆ రోజు తెలిసింది. కొలిమిగుండ్ల నుంచి నాపరాళ్ల ట్రాలీ ఒకటి ముందుకు తిరుగుతాంది. అహోబిలం జీపు ఒకటి మాత్రం ఎనక్కి తిరుగుతాంది. దానికి చిన్న చక్రాలు వేసినారంట, మీటరు ఎక్కువ చూపించి, లెక్క ప్రకారం అది నంద్యాల దాటి పోయింది. అందుకని రివర్సులో రమ్మన్నారు.

"రివర్సులో మీటరు తగ్గదు గదప్పా?" అన్నా జీపు డ్రైవరుతో.

"నాకు తెలుసన్నా. వాళ్లకెవరు చెప్తారు?" అని ఎనక్కే పోయినాడు.

మా కారు గూడా మొదలుపెట్టింది. ఆవరణ చిన్నది, ముందర ట్రాలీ, ఎదురుగా జీపు, నత్త మాదిరి ఆగి ఆగి పోవాల, ప్రతి మూలకూ స్టీరింగు పూర్తిగా తిప్పాల. తిప్పినప్పుడల్లా చక్రం మడ్‌గార్డుకు రాసుకోని గర్రుమంటాంది. అట్ల అన్నప్పుడల్లా సంజీవయ్యన్న కండ్లు తెరిచి, మళ్లీ మూస్తాండాడు. ఆయన పాదాలు పొద్దున్నే ఉబ్బినాయి. "బైబిల్లో యెరికో గోడలన్నా చుట్టూ తిరిగితే కూలినాయి. ఇవి కదలనైనా కదలవేంది ప్రభాకరన్నా," అనింది టీచరమ్మ నాతో.

పదిన్నరయింది. ఆమె కారు గేటు దగ్గర ఆపింది. "ఆసుపత్రికి పోయి మళ్లీ వస్తాం, గేటు తియ్యండి."

రాజశేఖర్ గారే స్వయంగా బయటికొచ్చినాడు. "రాని బండికి అవుట్ పాస్ యెట్ల ఇచ్చేది మేడం?"

"అయితే మనిషిని దింపి ఆటోలో పంపిస్తా."

"దింపొచ్చు. మీ ఇష్టం. కానీ దారి మధ్యలో ప్రయాణికుణ్ణి దింపితే ప్రయాణం అక్కడితో రద్దయితాది. మళ్లీ ఆళ్లగడ్డ నుంచి మొదలుపెట్టాల. మీ గడువు ఈ రోజుతో సరి. రేపటి నుంచి బండి రోడ్డెక్కితే పట్టుకుంటారు." అని, కొంచెం బాధగా, "నియమాలు ప్రయాణికుల భద్రత కోసమే మేడం," అన్నాడు.

నేను మధ్యలో దూరినా. "థూ, ఇదేం పద్ధతయ్యా! మనిషి ఆడ ఊపిరాడక కూర్చోనుంటే!" అని అరిచినా. అరుపులకు యాప్‌లో గడి లేదు కాబట్టి అది ఎవరికీ వినపడలేదు.

టీచరమ్మ స్టీరింగు మీద చేతులు పెట్టుకోని కదలకుండా కూర్చుంది. క్లాసులో పిల్లోల్లను నిలబెట్టి దండించే మనిషి, కండ్లనిండా నీళ్లు పెట్టుకుంది. సంజీవయ్యన్న ఎనక నుంచి ఆమె భుజం తట్టినాడు.

"తిప్పుమే. ఒక పూట ఓర్చుకుంటాలే. కారు పోతే అన్ని పూటలూ పోతాయి."

తిప్పింది. పదకొండింటికి ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది, యాడున్నారని. నంద్యాలలోనే అని చెప్పింది. నంద్యాలలోనే ఉండి రాకపోతే ఎట్లమ్మా, మిషను వేరేవాళ్లకు ఇచ్చేస్తాండాం అన్నారు. వాళ్ల తప్పేం లేదు. వాళ్ల లెక్కలో మేం నంద్యాలలో ఉండాం, వీళ్ల లెక్కలో లేం. రెండు ఆఫీసులూ ఒకే మాట చెప్పాలని యాడా రాసిలేదు.

మధ్యాహ్నం భోజనానికి మీటరు చూసే గుమాస్తా లేచిపోయినాడు. ఆ సేపంతా తిరిగింది లెక్కలోకి రాదంటే కారు నిలబెట్టుకున్నాం. మూడు దాటినాక మళ్లీ ఫొటో పెడితే యాప్ మోగింది: "స్వాగతం! మీరు నంద్యాల చేరుకున్నారు."

రాజశేఖర్ గారు నవ్వుతా ఎదురొచ్చినాడు. "రండి మేడం, రండి. ప్రయాణం బాగా జరిగిందా?"

ఆపైన పరీక్ష బేగానే అయిపోయింది. చక్రాల దగ్గర ఒకాయన వొంగి, "గుండ్రంగా ఉండాయా?" అన్నాడు. "ఉండాయి" అన్నా. కారు అన్ని విధాలా ఆరోగ్యంగా ఉందని సర్టిఫికెట్టు ఇచ్చినారు.

ఆసుపత్రిలో డాక్టరు సంజీవయ్యన్నను చూసి కేకలేసినాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు వచ్చేదాకా ఏం చేస్తాండారు, ఇంత ఆలస్యంగా తెస్తారా, యాన్నుంచి వస్తాండారు అని అడిగినాడు. టీచరమ్మ నిజమే చెప్పింది. "పక్క వీధి నుంచి సార్."

ఆక్సిజన్ పెట్టి అత్యవసర వార్డులో చేర్చుకున్నారు. ఎప్పుడు పంపిస్తారో అప్పుడే చెప్పలేమన్నారు.

మరుసటి రోజు బట్టలు తెచ్చుకుందామని టీచరమ్మ, నేను ఆళ్లగడ్డకొచ్చినాం. రావడంలో గూడా పెద్ద చక్రాలు వాటి గుణం మానుకోలేదు. ఆమె కారు వాకిట్లో ఆపి, నియమం ప్రకారం ఆఖరి ఫొటో తీసి యాప్‌లో పెట్టింది. కొంచెంసేపు తిరిగి తిరిగి అది జవాబిచ్చింది: "మీ ప్రయాణికుడు ఇంకా ఇల్లు చేరలేదు."

టీచరమ్మ ఎనక సీటు పక్క చూసింది. ఆడ పీట ఒక్కటే ఉంది.

యాప్ పెట్టినప్పటి నుంచి అది నిజం చెప్పింది ఆ ఒక్కసారే.