కుడికాలి విషయమై తీర్మానం

పెద్దపల్లి కృపాలయం సంఘంలోని సమస్త విశ్వాసులకు తెలియజేయడమేమనగా, ఎప్పటిలాగే శుభ శుక్రవారానికి ముందటి గురువారం సాయంత్రం పాదాలు కడిగే ఆరాధన జరుగుతుందని, వినయానికి గుర్తుగా పన్నెండుమంది పెద్దల పాదాలను పాస్టరుగారు స్వహస్తాలతో కడుగుతారని, కడిగించుకోదలచిన పెద్దలు ఇంటి దగ్గరే శుభ్రంగా కాళ్లు కడుక్కొని రావలెనని నోటీసు బోర్డు మీద ప్రకటన వెలువడింది. అందులో వింత ఏమీ లేదు. కృపాలయంలో మురికి కాళ్లు కడిగిన చరిత్ర లేదు.

ఆ పన్నెండు కుర్చీల కోసం జరిగే పోటీ ఎంత వినయంగా ఉంటుందంటే, పండుగకు నెల ముందునుంచే పెద్దలు ఒకరినొకరు పలకరించుకోవడం మానేస్తారు. కుర్చీ దక్కినవారు వారం పాటు గోరువెచ్చని నీళ్లలో కాళ్లు నానబెడతారు. గోళ్లు తీయిస్తారు, మడమలు రాయితో రుద్దుతారు, కొబ్బరినూనె పట్టిస్తారు. ఒక పెద్దమనిషి కరీంనగర్ దాకా వెళ్లి బ్యూటీ పార్లరులో కాళ్లు బాగుచేయించుకొని వచ్చి, అడిగినవారికి కోర్టు పని అని చెప్పాడు. ఇంత భక్తికి ఫలితంగా, పన్నెండుమంది కాళ్లు కడిగాక కూడా బేసిన్‌లో నీళ్లు పోసినప్పుడెలా ఉన్నాయో అలాగే ఉంటాయి. ఆ నీళ్ల చప్పుడు యూట్యూబులో చూసే దుబాయి, మస్కట్ బంధువులకు కూడా వినపడాలని బేసిన్ పక్కన చిన్న మైకు పెడతారు.

మొదటి కుర్చీ పద్నాలుగేళ్లుగా బాలమల్లుగారిది. ఆయన తహసీలు ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరయి, సంఘానికి కార్యదర్శి అయ్యాడు. కాబట్టి రిటైరయ్యాడని చెప్పడానికి వీల్లేదు. పుండ్లు, ఆనెలు, కట్లు ఉన్న పాదాలు కెమెరాలో బాగుండవు గనుక అట్టి పాదములు కుర్చీకి అనర్హములు అని మొన్ననే తీర్మానం రాసింది ఆయనే.

ఇక వనజ సంగతి. ఆమె సర్కారు దవాఖానలో ముప్పై రెండేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి ఇంట్లో కూర్చున్న మనిషి. ప్రతి సంఘంలోనూ ఆరోగ్య పరిచర్య ఉండాలని, సంఘంలోనే ఒక నర్సు ఉండి విశ్వాసుల ఆత్మతో పాటు ఒంటిని కూడా కనిపెట్టి ఉండాలని పైనుంచి ఉత్తరం వస్తే, కమిటీ ఆమెను నియమించింది. బీపీ మిషనుకు రిబ్బను కట్టి ప్రారంభోత్సవం చేశారు. ఎనిమిదిమంది ప్రసంగించారు. నాలుగో ప్రసంగం నడుస్తుండగా ఇద్దరికి కళ్లు తిరిగాయి గానీ, మిషను అప్పటికింకా ప్రారంభం కాలేదు గనుక వారికి బీపీ చూడడం కుదరలేదు.

ఆమె టేబులుకు లోపల చోటు దొరకలేదు. డ్రమ్ములు, కీబోర్డు, మనిషెత్తు సౌండు బాక్సులు పోగా మిగిలిన జాగాలో విశ్వాసులు కూర్చోవాలి కదా. అందువల్ల వరండాలో చెప్పుల స్టాండు పక్కన వేశారు. మూడు నెలలకే బాలమల్లుగారు రిజిస్టరు తనిఖీ చేసి, ఇంతమందికి నూట అరవై దాటి బీపీ ఉన్నట్టు రాయడం సంఘ గౌరవానికి తగదని, అట్టి చోట్ల 'ప్రార్థించవలెను' అని మాత్రమే రాయాలని ఆదేశించాడు. వనజ అలాగే రాసింది. పక్కన చిన్న అక్షరాలతో 'మాత్ర కూడా వేసుకోవలెను' అని చేర్చింది.

చెప్పుల పక్కన కూర్చోబెట్టినందుకు మొదట ఆమెకు మండింది. తరువాత తెలిసింది, సంఘంలో అబద్ధం ఆడనివి చెప్పులేనని. బీపీ ఎంత వచ్చినా నిద్ర పట్టలేదనో, ఎండన పడి వచ్చామనో చెప్పే మనుషులు చెప్పులు విడిచి లోపలికి పోతే, ఎవరి మోకాలు ఒకవైపు వంగిందో, ఎవరి పాదం ఉబ్బి పట్టీ తెగిందో వాటిని చూస్తే చాలు. ఆ గురువారానికి నాలుగు రోజుల ముందు, మట్టల ఆదివారం నాడు అలా చూస్తుంటే బాలమల్లుగారి కుడి చెప్పులో మడమ ఆనేచోట చింతగింజంత మరక కనిపించింది. ఎండిన నెత్తురు. ఆయనేమో ఏప్రిల్ ఎండలో సాక్సులు తొడుక్కొని లోపలికి పోతున్నాడు.

"సార్, జర కుడికాలు చూపెట్టున్రి," అంది వనజ.

"ఎందుకు?"

"చెప్పుకు నెత్తురు మరక ఉన్నది. మడమకు ఏదో అయినట్టుంది మీకు."

"మిర్చీల బండి కాడ చట్నీ పడ్డది."

"చట్నీ మడమ కింద పడ్తదా సార్? షుగర్ గిట్ల ఉన్నదా?"

"మా వంశంలనే లేదు," అని ఆయన ఎడమకాలి మీద బరువేసి హుందాగా లోపలికి నడిచాడు. ఆయన ఇంట్లో ఆయనకు చక్కెర లేని చాయ్ ఇస్తారు. అడిగితే ఉపవాసం అంటాడు. ఆ ఉపవాసం ఏళ్ల తరబడి సాగుతోంది.

వనజకు నవ్వు రాలేదు, భయం వేసింది. షుగర్ ఉన్నవాళ్ల కాలికి నొప్పి తెలియదు. నొప్పి లేదు గనుక పుండు లేదనుకుంటారు. గింజంత పుండుతో మొదలై, చివరికి డాక్టరు మోకాలి కింద కోతకు పెన్నుతో గీత గీసిన కాళ్లను ఆమె వార్డులో ఎన్నో చూసింది. ఆ సాయంత్రమే ఆయన భార్య బాలలక్ష్మికి ఫోను చేసింది.

"నా మాట ఇంటడా సిస్టర్," అంది బాలలక్ష్మి. "వారం దినాల సంది సాక్సులు ఏసుకొనే పండుకుంటుండు. చూపెట్టుమంటే కొట్లాటకొస్తుండు. గా కుర్చీ పోతదని ఆయన ఫికర్."

పాస్టరుగారికి చెబుదామా అనుకుంది వనజ. కానీ పాస్టరుకు చెప్పిన రోగం ప్రార్థన మనవుల జాబితాలోకి ఎక్కుతుంది, జాబితా వాట్సాపులోకి ఎక్కుతుంది, పొద్దుగూకేసరికి మంథని దాకా పోతుంది. ఆ తర్వాత బాలమల్లుగారు చచ్చినా సాక్సు విప్పడు. అందుకని ఆమె పాస్టరు రెవరెండ్ కైలాసంగారి దగ్గరికి పోయినా, బాలమల్లుగారి కాలి ఊసెత్తకుండా ఆయన సొంత మోకాళ్ల గురించి మాట్లాడింది. అంతకుముందు ఏడాది ఆయన ఆరో పెద్దమనిషి కాలు కడిగాక లేవలేకపోయాడు. దాన్ని గాఢమైన ప్రార్థన అనుకొని సంఘమంతా పది నిమిషాలు తల వంచుకొని కూర్చుంది. వనజ ఒక్కతే వెళ్లి ఆయన్ను లేపింది.

"అయ్యగారూ, ఈసారి నేను కడుగుత. మీరు నిలవడి వాక్యం చదువున్రి."

"నాకైతే సంతోషమే సిస్టర్. కమిటీ ఒప్పుకోవాలె గద," అన్నాడు కైలాసంగారు మోకాళ్లు పట్టుకొని.

కమిటీ మూడు గంటలు చర్చించింది. ఆడమనిషి పెద్దల కాళ్లు కడగవచ్చునా అని ఒక పెద్దమనిషి లేవనెత్తాడు. ఇళ్లలో జరుగుతున్నదేమిటని ఎవరూ అడగలేదు. చివరికి, వనజ కడిగిన పాదములను పాస్టరుగారు కడిగిన పాదములుగానే పరిగణించవలెనని ఏకగ్రీవంగా తీర్మానించారు. తీర్మానం రాసి సంతకం పెట్టింది బాలమల్లుగారే.

గురువారం సాయంత్రం పన్నెండుమంది తెల్లని బట్టల్లో వరసగా కూర్చున్నారు. కైలాసంగారు వాక్యం మొదలుపెట్టాడు. వనజ తుండుగుడ్డ నడుముకు చుట్టుకొని, బేసిన్ జరుపుకొని మొదటి కుర్చీ ముందు కూర్చుంది. బాలమల్లుగారు ఎడమకాలి సాక్సు విప్పి పాదం ముందుకు చాచాడు. అది పెళ్లికొడుకు పాదంలా మెరుస్తోంది. ఆమె కడిగి, తుడిచి పక్కన పెట్టింది.

"ఇగ కుడిది సార్."

"ఒక్కటి చాలు. ఒక్క కాలే ఆనవాయితీ."

"పద్నాలుగేండ్ల సంది ఒక్క కాలే కడిగించుకుంటున్నరు. రెండోది ఏ సంఘపుది సార్?" అంటూనే ఆమె సాక్సు లాగేసింది.

మడమ మీద రూపాయి బిళ్లంత పుండు. అంచులు నల్లబడ్డాయి. వాసన ఆమెకు తెలిసిన వాసనే.

"ఎన్నొద్దులాయె?" అంది మెల్లగా.

"పన్నెండు దినాలు. ఆరాధన ఉన్నదని రాయితోని జర గట్టిగ రుద్దిన."

"నొప్పి లేవలేదా?"

"ఏం తెల్వలే. మంచిగ నున్నగైతుంది అనుకున్న."

"షుగర్ ఎన్నేండ్ల సంది?"

బాలమల్లుగారు ముందుకు వంగి గుసగుసగా అన్నాడు, "పదకొండేండ్లు. ఎవ్వలకు చెప్పకు."

నీళ్ల చప్పుడు కోసం పెట్టిన మైకు చాలా మంచి రకం. ఆ గుసగుస మనిషెత్తు బాక్సుల్లోంచి మందిరమంతా వినపడింది, మస్కట్‌లో కూడా వినపడింది. మైకు సంగతి తనకు గుర్తే లేదని వనజ నేటికీ అంటుంది. ఆమె మాటను కాదనే ధైర్యం మనకెందుకు.

కైలాసంగారు చదవడం ఆపాడు. బాలమల్లుగారి మొహం పాలిపోయింది. పుండు కాలితో కుర్చీ ఎక్కి, తన తీర్మానం తానే తప్పినట్టు మూడొందలమందికి తెలిసిపోయింది. వనజ ఆ పాదాన్ని రెండు చేతుల్లోనే పట్టుకుంది.

"సార్, కాలుంటే కుర్చీ మల్ల ఎప్పుడన్న దొర్కుతది. కాలు పోతే ఎప్పటికీ కుర్చీలనే కూసోవాలె. పాండ్రి, ఇప్పుడే దవాఖానకు పోదాం."

మూడో కుర్చీలోంచి, ఎల్ఐసీ ఏజెంటు బుచ్చిరాములు గొంతు సవరించుకున్నాడు. "సిస్టర్, నాది గూడ జర చూసి పో. రెండేండ్ల సంది తిమ్మిర్లు." ఆటో వచ్చేలోగా వనజ బేసిన్ జరుపుకుంటూ వరసంతా చూసింది. ఆరో కుర్చీ ఆయన తనకూ షుగరేనన్నాడు. తొమ్మిదో కుర్చీ ఆయన బొటనవేలి పుండు మీద కూతురి పౌడరు అద్దుకొని వచ్చాడు. నీళ్లు తగలగానే అది కరిగిపోయింది. పన్నెండుమందిలో ఏడుగురికి షుగరని తేలింది. కృపాలయం చరిత్రలో మొదటిసారిగా బేసిన్‌లో నీళ్లు మురికయ్యాయి.

బాలమల్లుగారిని ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు పుండు శుభ్రం చేసి, ఇంకో వారం ఆలస్యమైతే కాలు దక్కేది కాదని చెప్పాడు. బాలలక్ష్మి వనజ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. వనజకూ కళ్లు నిండాయి. డెట్టాల్ ఘాటు అని కళ్లు తుడుచుకుంది గానీ, ఆ గదిలో డెట్టాల్ సీసా లేదు. నెలన్నర కట్లు కట్టించుకున్నాక కాలు నిలిచింది.

తరువాతి కమిటీ సమావేశంలో మొదట దేవునికి, పిమ్మట పాస్టరుగారికి, డాక్టరుకు, ఆటోవానికి కృతజ్ఞతలు తెలిపారు. సమయాభావం వల్ల వనజ పేరు రాలేదు. మైకును తక్షణం తొలగించాలని నిర్ణయించారు. నీళ్లు మురికి అయిన విషయమై తీవ్ర ఆందోళన వ్యక్తం చేశారు. అట్టిది మళ్లీ జరగకుండా, వచ్చే ఏటినుంచి కుర్చీ కోరే ప్రతి పెద్దమనిషీ ముందటి బుధవారం నాడు వనజ వద్ద రెండు పాదాలూ చూపించుకొని, మూడు నెలల సగటు చెప్పే షుగర్ పరీక్ష రిపోర్టు జతపరచవలెనని బాలమల్లుగారు మంచం మీదనుంచే, దిండు మీద కాలు పెట్టుకొని, స్వదస్తూరీతో తీర్మానం రాసి పంపాడు.

వనజ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. ముప్పై రెండేళ్లు వార్డులో గొంతు చించుకున్నా పరీక్షకు రాని మగవాళ్లు, కుర్చీ కోసమంటే వస్తారన్నమాట. ఆమె పెన్ను తీసుకొని 'ముందటి బుధవారం' అన్నది కొట్టేసి 'ప్రతి నెలా మొదటి బుధవారం' అని రాసింది. దాన్ని ఎవరూ గమనించలేదు. తీర్మానాలను రాసినవారు తప్ప ఎవరూ చదవరు, రాసినాయన మంచం మీద ఉన్నాడు.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి బుధవారం నలభై ఏడుగురు పెద్దమనుషులు చెప్పులు చేతబట్టుకొని వరండాలో వరసగా నిలబడుతున్నారు. షుగరు లేనివారు సైతం, అది కుర్చీకి అర్హతేమోనని, ఎందుకైనా మంచిదని కొంచెం ఉన్నట్టు రాయమని వనజను బతిమాలుతున్నారు. తమకు కుర్చీలెందుకు లేవని ఆడవాళ్లు అడిగిన ప్రశ్న పరిశీలనలో ఉంది. బాలమల్లుగారు రోజూ పొద్దున బస్టాండు దాకా నడిచి, మూడు నెలల పరీక్షలో పది పాయింటు ఎనిమిది ఉన్న తన షుగరును ఏడు పాయింటు ఒకటికి దించి, రిపోర్టును నోటీసు బోర్డుకు అంటించాడు. ఈ ఏడు ఆయనకు ఏడో కుర్చీ దక్కింది. దీనిపై ఆయన అప్పీలు పెట్టుకున్నాడు.

వనజ టేబులును లోపలికి మార్చాలని కూడా కమిటీ ఉదారంగా తలచింది. ఆమే వద్దంది. బాలమల్లుగారి కాలిని చూసి ఇంతసేపూ నవ్వుకున్న పాఠకులు కూడా లేచేముందు తమ మడమలను ఒకసారి, గడపలో విడిచిన చెప్పులను ఒకసారి తిరగేసి చూసుకోవాలని మనవి. వనజ అయితే మీరు లోపలికి వచ్చేటప్పుడే చూసేసి ఉంటుంది.