రొయ్యల చెరువు మీద సూర్యోదయం

మా బావమరిది వెంకటరమణకు దిక్కులు తెలియవు. వాళ్ళక్క సులోచన, అంటే నా భార్య, ముప్పై ఏళ్ళు చీకటి వంటింట్లో వండింది. ఆ ఇంటి ప్లాను గీసింది అతనే.

కృష్ణవేణి రెండు పాయలై దివిసీమను ఒడిలో పెట్టుకుని కడలిని చేరే పుణ్యభూమికి ఈశాన్యాన, శ్రావణ శుక్లపక్షాన, కరెంటు పోని ఒకానొక శుభఘడియలో, మచిలీపట్నం డిజైన్ ఆఫీసు మేడమీద మహాసంగ్రామం మొదలైంది. కట్టని ఇంటిని కట్టినట్టు ఫొటోలా చూపే విద్యను రెండరింగ్ అంటారు. అందుకు ఏ సాఫ్ట్‌వేర్ మేలన్నదే తగువు. నాకు కావలసింది ఒకటే: నాగాయలంక దగ్గర కట్టబోయే కొత్తింట్లో పొయ్యిగట్టు మీద పొద్దుటెండ పడుతుందా, లేదా? పోయేముందు సులోచన అడిగింది అదే. సోమవారం శంకుస్థాపన.

ఒకవైపు క్షణమాత్రచిత్రనిర్మాణధురంధరుడు, గుడివాడ వీరుడు గిరీష్. అతని సాఫ్ట్‌వేర్ రెప్పపాటులో బొమ్మ ఇస్తుంది. ఇంటిముందు ఎవరూ అడగని ఎర్రకారును కూడా నిలబెడుతుంది. మరోవైపు కిరణమార్గగణనాకోవిద, చల్లపల్లి వర్షిణి. ఆమె సాఫ్ట్‌వేర్ ఒక్క బొమ్మకు ఒక పూట తింటుంది, కానీ గిన్నె అంచు మెరుపు కూడా లెక్క తప్పదట.

మౌస్ ఖడ్గాలు ఝళిపించి, కీబోర్డు భేరులు మోగించి, టీగ్లాసులు వరసగా నేలకొరుగుతుండగా ఇద్దరూ మూడు రోజులు పోరారు. రెండు బొమ్మలూ వచ్చాయి. బొమ్మల్లో వేళ ఉదయం ఏడు గంటలు. రెండింటిలోనూ వంటిల్లు చీకటే.

మూడో సాఫ్ట్‌వేర్ కొందామన్నాడు గిరీష్. అంతట వాస్తువిద్యావిశారదుడైన వెంకటరమణ లేచి, కండువా సవరించి, మేఘగంభీరస్వరంతో పలికాడు:

"బావా, ఆగ్నేయాన వంటిల్లు, తూర్పున కిటికీ. శాస్త్రాన్ని సూర్యుడైనా దాటలేడు. లోపం ఈ యంత్రాలది. అన్నీ మార్పించు."

నేను తెర దగ్గరికి జరిగాను. ఇంటి పక్కన రొయ్యల చెరువు. దాని మీంచి లేస్తున్న సూర్యుడు.

"చెరువు మనకి దక్షిణం కదయ్యా. దాని మీద పొద్దు ఎప్పుడు పొడిచింది?"

వర్షిణి ప్లాను కాగితం తీసి చూసింది.

"మావయ్యగారూ, ఈయన కాగితం పైన తూర్పు పెట్టారండీ. సాఫ్ట్‌వేర్ పైన ఉత్తరం అనుకుంది. ఏ సాఫ్ట్‌వేరైనా అంతేనండీ."

తూర్పు ఇంటికి ముఖం, ముఖాన్ని పక్కకి ఎలా తిప్పుతామని గొణిగాడు వెంకటరమణ.

గిరీష్ ఉత్తరం గుర్తు బాణాన్ని ఒక్క వేలితో తొంభై డిగ్రీలు తిప్పాడు. దుందుభులు మోగలేదు, పూలవాన కురవలేదు. ఇట్లు మూడు దినముల ఘోరసమరానంతరం దివిసీమ సేన పొయ్యిగట్టు మీద జానెడు ఎండను స్వాధీనం చేసుకుంది. ఎర్రకారు సాఫ్ట్‌వేరే చాలన్నాను.

పాతింటి ప్లానులోనూ పైన తూర్పేనా అని వెంకటరమణను అడిగాను. ఎప్పుడూ అంతేనన్నాడు. అప్పటి తాపీమేస్త్రి కూడా పైన ఉత్తరమే అనుకున్నాడన్నమాట. ఆ రోజు పైన ఏ దిక్కని నేను ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు.

ఈ సంగతి ఇక నా నోట రాదు.