మా ఇంటికొచ్చిన ఛార్జర్

“ఒసేయ్, ఆ వైరు ముట్టుకోకు! ఇల్లు కాలిపోతుంది!” అన్నాను. అప్పటికి ఏమీ జరగలేదు. మా అమ్మాయి దాన్నింకా ప్లగ్గులో కూడా పెట్టలేదు. కానీ రబ్బరు ఊడి రాగి తీగలు బయటికి కనబడుతుంటే నోరు ఊరుకుంటుందా?

నిన్నటిదాకా వైరు వంచి పట్టుకుంటే ఛార్జింగ్ ఎక్కేది. ఇవాళ అదీ లేదు. మధ్యాహ్నం రెండింటికి అమ్మాయికి ఉద్యోగ పరీక్ష. ల్యాప్‌టాప్‌లోనే రాయాలట, ఫోన్లో కుదరదట. బ్యాటరీ చూస్తే ముప్పై నాలుగు శాతం.

“సందు చివర షాపులో కొత్తది కొనుక్కొచ్చేస్తాను” అని చెప్పులేసుకుంది.

అప్పుడే మా మరిది వచ్చాడు. పార్టీలో వార్డు కార్యదర్శి. సంగతి విని, గుమ్మానికి అడ్డంగా నిలబడి ప్రకటించాడు.

“మన ‘ఇంటింటికీ ఛార్జర్’ పథకం ఉండగా, నా అన్న కూతురు షాపులో కొనుక్కోవడమా? ప్రతిపక్షం వాళ్ళు చూస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను వదినా?”

ఎంత బాధ్యత! పైగా బయట లారీలు తిరిగే వేళ. “ఆగవే, బాబాయి చెప్తున్నాడుగా” అన్నాను.

ఒంటిగంటకి పార్టీ అధ్యక్షులవారే స్వయంగా దయచేశారు. వెనక పీఏ, ఫోటోగ్రాఫరు, ఇంకో పన్నెండుమంది. నేల కుంగుతుందేమోనని భయపడుతూనే కుర్చీలు వేశాను. ఆయన మా పాత వైరును అరచేతిలో పెట్టుకుని, “గత పాలకుల నిర్లక్ష్యం” అన్నారు. మేం కొని రెండేళ్ళే. అప్పుడూ వీళ్ళ పార్టీయే. పెద్దవాళ్ళ మాటకి అడ్డం రాకూడదని ఊరుకున్నాను.

ఫోటోలో ల్యాప్‌టాప్ వెలుగుతూ ఉండాలన్నాడు ఫోటోగ్రాఫరు. తెరమీద అధ్యక్షులవారి ప్రసంగం పెట్టారు.

“సార్, బ్యాటరీ అయిపోతోంది” అంది అమ్మాయి.

“ఛార్జరే వస్తుంటే భయమెందుకమ్మా?” అన్నారు అధ్యక్షులవారు.

ఆ మాటకి నాలాంటిదానికే ధైర్యం వచ్చింది.

ప్రసంగం ఇరవై నిమిషాలు. అయ్యేసరికి పంతొమ్మిది శాతం. ఫోటోలో అమ్మాయి నవ్వలేదని మళ్ళీ మొదట్నుంచి పెట్టారు. రెండోసారి నేనే దాని నడుం మీద గిల్లి నవ్వించాను.

తర్వాత రిబ్బను కట్టిన పెట్టె వచ్చింది. అధ్యక్షులవారు విప్పారు. లోపల నల్లగా మెరుస్తూ, అచ్చంగా మా ల్యాప్‌టాప్‌కి సరిపోయే ఛార్జర్! చప్పట్లు కొట్టారు. నాలుగు ఫోటోలు తీశారు. అమ్మాయి దాన్ని అందుకుని ప్లగ్గువైపు పరిగెత్తబోయింది.

పీఏ ఎంత మర్యాదస్తుడో! అమ్మాయి చేతిలోంచి నొప్పి తెలియకుండా ఛార్జర్ తీసుకుని, వైరు పొందిగ్గా చుట్టి, పెట్టెలో పెట్టి, మళ్ళీ రిబ్బను కట్టాడు.

ఏడు శాతం. గడియారంలో రెండింటికి అయిదు నిమిషాలు తక్కువ.

“బాబాయ్, మరి ఛార్జర్?”

మరిది అధ్యక్షులవారి వంక చూశాడు. అధ్యక్షులవారు ఫ్యాను వంక చూశారు. వచ్చిన పన్నెండుమందీ చెప్పులు వెతుక్కోవడం మొదలెట్టారు. తెరమీద ఆరు శాతమైంది, అయిదైంది.

చివరికి పీఏ జేబులోంచి కాగితం తీసి, మా ఇంటి నంబరు కొట్టేసి, మెల్లిగా చెప్పాడు.

“ఇంకా పదకొండిళ్ళు తిరగాలమ్మా.”