పధ్నాలుగు గడియారాల నీరసం

పెళ్లయిన పదకొండో రోజు పొద్దున, పదింటికల్లా భర్తతో షికారుకి వెళ్లాలని కొత్తకోడలు హుషారుగా జడ వేసుకుంటోంది. ఇంటి ముందుగదే గడియారాల దుకాణం. మామగారు గడియారం విప్పకుండానే, చెవి ఆనించి రోగం చెప్పేస్తారు. మూడో చక్రంలో పన్ను అరిగిందంటే అరిగిందన్నమాటే. అది చూసినప్పుడల్లా ఆమెకు ఒళ్లు పులకరించేది.

ఆ పొద్దున ఆయన గోడగడియారానికి చెవి ఆనించి ముఖం చిన్నబుచ్చుకున్నారు. "దీని గుండె నీరసించిందిరా," అన్నారు కొడుకుతో.

తండ్రి చెవికి ఎదురు చెప్పడం ఆ ఇంట్లో లేదు. "అవును నాన్నగారూ, బాగా తగ్గింది," అన్నాడు కొడుకు.

పక్కదానికీ అదే జబ్బు. ఆ పక్కదానికీ అంతే. మధ్యాహ్నానికి పధ్నాలుగు గడియారాలు పేగులు బయటపెట్టుకుని బల్లమీద పడుకున్నాయి. షికారు అటకెక్కింది. తన గడియారం కోసం వచ్చిన లెక్కల మాస్టారు కూడా, అంతటి పెద్దాయనే అన్నాక, తనకూ నాలుగు రోజులుగా అనుమానంగానే ఉందని ఒప్పేసుకున్నాడు. దీనికంతా కారణం గాలిలో తేమేనని తీర్పు కూడా చెప్పాడు.

చివరికి నిలువు గడియారం ఒక్కటే మిగిలింది. కొత్తకోడలు ఉండబట్టలేకపోయింది. "ఇది వంటింట్లోకి కూడా వినబడుతోంది మామయ్యగారూ."

ఆమె రెండోసారి కాస్త గట్టిగా చెప్పాక పెద్దాయన స్క్రూడ్రైవరు కింద పెట్టారు. "నిజంగా వినబడుతోందా అమ్మా?"

ఆ గొంతులో భయం ఆమెకు తెలిసిపోయింది. ఆ చెవి పోతే ఆయనకు ఇంకేం మిగులుతుంది?

సాయంత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, అతను కూపీ లాగాక తేలింది. పెళ్లిలో నిలబడి పెద్దాయన కాళ్లు వాచాయట. నీరు తీసే మాత్ర రోజుకొకటి చాలదని ఆయన సొంత వైద్యంతో మూడేసి మింగుతున్నారు.

"మోతాదు మించితే, అందులోనూ కిడ్నీలు అంతంతమాత్రంగా ఉంటే, ఈ మాత్ర చెవిని కూడా పట్టుకుంటుందండీ," అన్నాడు డాక్టరు. "కొందరికి వినికిడి తిరిగొస్తుంది. కొందరికి రాదు." మందు మార్చి పంపాడు.

వారం రోజులు ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వలేదు. ఆయన మాత్రం వేళ్లతో తడుముతూ విప్పినవన్నీ తిరిగి బిగించారు. కోడలు పక్కన స్టూలు వేసుకుని నోరు తెరుచుకుని చూసింది. ఆవగింజంత మరలు పేరు పెట్టి పిలిచినట్టు ఆ వేళ్లకిందికి వచ్చేవి.

ఎనిమిదో రోజు పొద్దున ఆయన పళ్లు తోముకుంటూ టక్కున ఆగిపోయారు. ముందుగదిలోకి నడిచి, కళ్లు మూసుకుని, ఒక్కో గడియారాన్నీ వేలితో చూపిస్తూ విన్నారు. అంత సంతోషం ఒక్క ముఖంలో పట్టడం కోడలు అంతకుముందెన్నడూ చూడలేదు.

అప్పుడాయన కొడుకు వైపు తిరిగారు. "నాకైతే మాత్ర వల్ల. మరి నీకెందుకు వినబడలేదురా?"

అబద్ధమాడానని చెప్పడానికి కొడుక్కి నోరు రాలేదు. మధ్యాహ్నానికల్లా అతన్ని చెవి పరీక్షకు లాక్కెళ్లారు. దారిలో కనబడిన లెక్కల మాస్టారిని కూడా.

ఇద్దరి చెవులూ నిక్షేపంగా ఉన్నాయని, పెద్దాయన మీది గౌరవానికి మాత్రం ఇంకా మాత్ర రాలేదని డాక్టరు చెప్పి పంపాడు.