వాసన రాని శుక్రవారం

ఆ శుక్రవారం పొద్దున శ్రీశైలం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు బస్సు దిగే పన్నెండు మంది అతిథులను అడవిలో నాలుగు గంటలు తిప్పాలి, తప్పిపోకుండా తెచ్చి మళ్లీ అదే బస్సెక్కించాలి. వాళ్లు ఫోనులో ఐదు స్టార్లు నొక్కితే, పటాన్‌చెరులో ట్రెక్కింగు ఆఫీసు నడిపే మురళీమోహన్ అతన్ని పర్మినెంటు గైడుగా తీసుకుంటాడు. నొక్కకపోతే గుమ్మడిదల మందుల కంపెనీలో డ్రమ్ములు దొర్లించే కాంట్రాక్టు పనికి తిరిగి పోవాలి. ఆరేళ్లు ఆ డ్రమ్ములు దొర్లించాక అన్నం ముద్ద కూడా మందు వాసనే వస్తున్నట్టనిపించి బయటపడ్డవాడు, మళ్లీ ఆ గేటు మొహం చూడకూడదనుకున్నాడు.

తల్లి ముత్యమ్మ వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లుతూ ఆగి, గట్టిగా గాలి పీల్చుకుంది.

"ఇయ్యాల్ల గాలి ఎంత మంచిగున్నదిరా! సన్నజాజి వాసన నా ముక్కుకు తగిలి ఎన్నేండ్లాయెనో."

"మరి దరఖాస్తు రాసిందెవరనుకున్నవే? మొదటి సంతకం నాదే," అన్నాడు శ్రీశైలం టోపీ సర్దుకుంటూ.

అది నిజమే. కంపెనీల కంపు భరించలేక ఊరంతా కలిసి పెట్టిన దరఖాస్తుకు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది అతనే. ఆ సాయంత్రం కాలుష్యం ఆఫీసర్లు విచారణకు వస్తున్నారని తెలిసి, చుట్టూ ఉన్న మూడు కంపెనీలూ ముందు రోజు నుంచే పని ఆపేశాయి. ఊళ్లో గాలి కడిగిన గిన్నెలా ఉంది. శ్రీశైలం సంతోషంగా ఈల వేసుకుంటూ బయలుదేరాడు. ఆ గాలే తన కొంప ముంచుతుందని అతనికి తట్టలేదు.

ఎందుకంటే అతనికి అడవి తెలియదు.

మూడు నెలల కింద మురళీమోహన్ "అడవి తెలుసా?" అని అడిగితే, "పుట్టిందే అడవిల సార్" అన్నాడు. పుట్టింది సంగారెడ్డి సర్కారు దవాఖానాలో. ఈడు పిల్లలంతా సీతాఫలాల కోసం అడవిలోకి ఉరుకుతుంటే, తేనెటీగలకు జడిసి మొదటి వాగు దగ్గరే కూర్చుని వాళ్ల చెప్పులకు కాపలా కాసిన చరిత్ర అతనిది. కాని ఆరేళ్ల ఉద్యోగం అతనికి ఒక విద్య నేర్పింది. అడవికి తూర్పున ఉన్న కంపెనీది కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఉత్తరం దానిది గోళ్ల రంగు వాసన. దక్షిణం దానిది మాడిన బెల్లం వాసన. ఏ వాసనా రాని పడమటి దిక్కున రోడ్డు, రోడ్డు మీద బస్సు. దారి చీలిన చోటల్లా శ్రీశైలం ఆగి, కళ్లు మూసుకుని, ముక్కు పైకెత్తి నాలుగు దిక్కులా తిరిగేవాడు. పట్నం వాళ్లు అతను జంతువుల జాడ పడుతున్నాడనుకుని ఊపిరి బిగబట్టేవాళ్లు. మురళీమోహన్ కరపత్రంలో 'వాసనతో అడవిని చదివే గైడు' అని అచ్చు వేయించాడు. ఆ కరపత్రం కనబడినప్పుడల్లా శ్రీశైలానికి చెవులు వేడెక్కేవి. అయినా కాదని ఎవరికీ చెప్పలేదు.

బస్సులోంచి ముందుగా దిగింది దుర్గాప్రసాద్ అనే పెద్దమనిషి. యాభై ఏళ్లుంటాయి. కొత్త బూట్లు, చేతిలో నున్నటి కర్ర. మిగతా పదకొండు మందీ ఆయన కింద పనిచేసేవాళ్లు.

"ఏమయ్యా, మా కంపెనీకి రెండ్రోజులు సెలవిచ్చారు. మావాళ్లకి కాస్త ప్రకృతి చూపిద్దామని తీసుకొచ్చాను. ఈ మధ్య ప్రకృతంటే ఎవరికీ శ్రద్ధే లేదు," అన్నాడాయన.

ఏ కంపెనీ అని శ్రీశైలం అడగలేదు. ఫోన్లు లేకుండా అడవిలో గడపడం ఆ ప్యాకేజీ ప్రత్యేకత. కాబట్టి పన్నెండు ఫోన్లతో పాటు తనదీ ఒక సంచిలో వేసి డ్రైవరుకు అప్పగించాడు. పైన ముసురు పట్టి ఉంది. సూర్యుడి జాడ లేదు.

గంట నడిచాక మేకల తొవ్వలు ఐదు కలిసే చోటు వచ్చింది. శ్రీశైలం అలవాటుగా కళ్లు మూసుకుని ముక్కెత్తాడు. తడి మట్టి వాసన, టేకాకు వాసన తప్ప ఇంకేమీ లేదు. ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. పొద్దున తల్లి అన్న మాట గుర్తొచ్చింది. ఏ వాసనా రాని దిక్కున రోడ్డుండాలి. ఇవాళ నాలుగు దిక్కులా రోడ్డే!

"ఏం వాసనొస్తోందన్నా?" అని మెల్లగా అడిగింది నిహారిక. ఆ గుంపులో అందరికంటే చిన్న ఉద్యోగి, జేబులో నోటుబుక్కుతో వచ్చిన అమ్మాయి.

"ఏం... ఏం వస్తలేదమ్మా."

అతని మొహం పాలిపోవడం చూసి అందరి మొహాలూ పాలిపోయాయి. దుర్గాప్రసాద్ గొంతు తగ్గించాడు. "ఏమీ రావట్లేదంటే... దగ్గర్లో పెద్ద జంతువేదో పొంచి ఉందనా?"

తొవ్వ తెలియదని చెప్పడానికి అదే సమయం. నోరు తెరిచాడు. పన్నెండు మంది అతని టోపీ వైపు భక్తిగా చూస్తున్నారు.

"అడవి పంది కావచ్చు సార్," అనేశాడు.

ఆ మాట పూర్తికాకముందే రాకేష్ అనే లావుపాటి ఉద్యోగి పక్కనున్న చెట్టెక్కేశాడు. అంత శరీరం అంత వేగంగా పైకి ఎలా వెళ్లిందో చెట్టుక్కూడా అర్థమై ఉండదు. దింపడానికి ముప్పావు గంట పట్టింది. దిగేటప్పుడు ప్యాంటు చిరిగితే, శ్రీశైలం తన తువ్వాలు ఇచ్చి కట్టించాడు. అక్కడి నుంచి పందికి వినబడకుండా అందరూ చెప్పులు, బూట్లు చేత పట్టుకుని వరుసగా నడవసాగారు. ముళ్లు గుచ్చుకున్న ప్రతివాడూ మూగవాడిలా నోరు తెరిచి మూసేవాడు. ముందు నడుస్తున్న శ్రీశైలానికి ఆ చప్పుడు లేని కేకలన్నీ వీపు మీద తగులుతున్నాయి.

కొంతసేపటికి ఒక పెద్ద పుట్ట వచ్చింది. దాని పక్కన చిప్సు ప్యాకెట్టు పడి ఉంది. దుర్గాప్రసాద్ ఆగి, కిందికి వంగి, దాన్ని కర్రతో చూపించాడు.

"చూశారా? మనిషి అడుగు పెట్టిన చోటల్లా ఇంతే. చెత్త! సిగ్గుండాలి."

అందరూ సిగ్గుపడ్డారు. అరగంట నడిచాక మళ్లీ ఒక పుట్ట, మళ్లీ ఒక ప్యాకెట్టు. దుర్గాప్రసాద్ మళ్లీ వంగాడు. "ఇక్కడా! ఈ అడవినేం మిగల్చరా వీళ్లు?" ఈసారి ఉపన్యాసం ఇంకాస్త పొడుగైంది. ఇంకో అరగంటకు మూడో పుట్ట వచ్చి, ఆయన మూడోసారి వంగేసరికి నిహారిక ఉండబట్టలేకపోయింది.

"సార్, అది అదే పుట్ట. ప్యాకెట్టు పొద్దున ఇటు నుంచే వెళ్తూ మీరు తిని పడేసిందే."

దుర్గాప్రసాద్ ప్యాకెట్టును మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత అందరూ ఒక్కసారే శ్రీశైలం వైపు తిరిగారు.

అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. భూమి చీలితే బాగుండునని చూశాడు గాని, నేల గట్టిగానే ఉంది.

"సార్, నాకు తొవ్వ తెల్వది."

"తెలీదా? మరి రోజూ ఎలా వెళ్తున్నావు?"

"వాసన బట్టి పోత సార్. జంతువుల వాసన కాదు, కంపెనీల వాసన. తూర్పుకెల్లి కుళ్లిన గుడ్డు వాసన వస్తది. అది ఎడమ పక్కకు ఉన్నదంటే నేను దక్షిణం దిక్కు పోతున్న అన్నట్టు. ఇయ్యాల్ల ఆఫీసర్లు వస్తున్నరని అన్నీ బంద్ పెట్టిన్రు. దరఖాస్తు రాసింది గూడ నేనే. నా ముక్కు నేనే కోసుకున్న సార్."

అతను తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డాడు. తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే దుర్గాప్రసాద్ మొహం చెట్టెక్కిన రాకేష్ మొహం కంటే అన్యాయంగా ఉంది.

"ఆ గుడ్డు వాసన... ఎంత దూరం వస్తుందన్నా?" అంది నిహారిక.

"మూడు కిలోమీటర్లు పక్కా. తూర్పు గాలి ఉంటే ఐదు."

"మనం కాంపౌండు గోడ దాటదని రాసినం కద సార్?" అన్నాడు రాకేష్, తువ్వాలు సర్దుకుంటూ.

"నువ్వు చెట్టు మీదే ఉండాల్సింది," అన్నాడు దుర్గాప్రసాద్.

వాళ్లది తూర్పు కంపెనీ. ఆయన దాని పర్యావరణ విభాగానికి పెద్ద. కంపు గోడ దాటదని రాసి, కింద సంతకం పెట్టి, ఆ సాయంత్రం ఆఫీసర్ల ముందు చదవబోయే రిపోర్టు బస్సులో, ఇస్త్రీ చొక్కా పక్కన ఉంది.

అప్పుడే పొదల్లోంచి మేకలు, వాటి వెనకాల రాజవ్వ వచ్చారు. ఆమె శ్రీశైలం ఊరి మనిషే. నలభై ఏళ్లుగా ఆ అడవిలో మేకలు కాస్తోంది.

"అయినయా బిడ్డా మీ మొక్కులు?"

"ఏం మొక్కులు రాజవ్వా?"

"పొద్దుగాలకెల్లి పుట్ట సుట్టు తిరుగుతున్నరు గద! చెప్పులు గూడ ఇడిసిన్రు. ఈ సారైతే తిరిగినప్పుడల్లా ఒంగి దండం పెడుతుండె. మొక్కుల మధ్యల పలకరిస్తే పాపం తగుల్తదని మూడు సుట్లు అయ్యేదాంక గా గడ్డ మీద కూసున్న."

"రోడ్డు ఎంత దూరమమ్మా?" అని ఏడుపు గొంతుతో అడిగాడు రాకేష్.

రాజవ్వ చేత్తో మోదుగ కొమ్మ పక్కకు జరిపింది. అవతల బస్సు కనబడింది.

బస్సెక్కే ముందు దుర్గాప్రసాద్ శ్రీశైలాన్ని పక్కకు పిలిచాడు. సంచిలోంచి తన ఫోను తీసి, అతని కళ్లెదుటే ఐదు స్టార్లూ నొక్కాడు. మిగతావాళ్లతోనూ నొక్కించాడు. "అద్భుతమైన గైడు" అని రాశాడు కూడా. తర్వాత భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ సంగతి నేను మీ యజమానికి చెప్పను. ఆ వాసన సంగతి నువ్వు ఎవరికీ చెప్పకు. ఇద్దరి పరువూ నిలబడుతుంది."

పావుగంటలో మురళీమోహన్ ఫోను చేసి, పర్మినెంటు అన్నాడు. శ్రీశైలం ఇంటికి వచ్చి ముత్యమ్మకు చెప్పాడు. ఆమె మురిసిపోయి వాడంతా చెప్పుకొచ్చింది. అతనికి మాత్రం బువ్వ సయించలేదు.

నాలుగింటికి పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా చేరింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న దుర్గాప్రసాద్ రిపోర్టు చదివాడు. వాసన గోడ దాటదట! జనం గోల పెట్టారు. ఆఫీసరు పెన్ను కింద పెట్టాడు.

"అరుపులు రాసుకోలేను. ఎంత దూరం వస్తుంది, ఎట్లా తెలుసు? ఒక్కరు సరిగ్గా చెప్పండి."

ఊరి పెద్ద నర్సన్న అటూ ఇటూ చూశాడు. "నువ్వు చెప్పురా శ్రీశైలం. మొదటి సంతకం నీదే గద. అడవంతా నీకు కొట్టిన పిండి."

శ్రీశైలం లేచాడు. అవతల దుర్గాప్రసాద్ ఎవరికీ కనబడకుండా, గుండెల దగ్గర ఐదు వేళ్లు చాపి చూపించాడు. ఇవతల ముత్యమ్మ, పర్మినెంటు గైడు తల్లి, ముందు వరుసలో కూర్చుని ఉంది. ఆమె మొహం చూడకుండా అతను ఆఫీసరు బూట్లనే చూస్తూ మొదలుపెట్టాడు.

"నాకు అడవి తెల్వది సార్."

మొత్తం చెప్పాడు. గుడ్డు వాసన, గోళ్ల రంగు వాసన, మాడిన బెల్లం వాసన, ఎక్కడ నిలబడితే ఏది ఎంత ఘాటుగా వస్తుందో, ఏ గాలికి ఎన్ని కిలోమీటర్లో అన్నీ చెప్పాడు. మొదట వెనక ఎవరో కిసుక్కుమన్నారు. 'చెప్పులకు కావలి కూసునేటోడు గైడాయెనా!' అని ఇంకెవరో అన్నారు. తర్వాత ఊరంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ముత్యమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆఫీసరు మాత్రం నవ్వకుండా నాలుగు పేజీలు రాసుకున్నాడు.

"వాసన లేకపోతే దారి తప్పుతావని సాక్ష్యం ఏముంది?"

"ఇయ్యాల్లనే తప్పిన సార్. గా సార్ నాతోనే ఉండె."

అందరూ దుర్గాప్రసాద్ వైపు తిరిగారు. ఆయన కాదనడానికి నోరు తెరిచేసరికి వెనక నుంచి రాజవ్వ లేచింది.

"అవు, నేను జూసిన. మూడు సుట్లు తిరిగిండు, పాపం మంచి భక్తి."

నిహారిక తల వంచుకుని, ఎంత ఆపుకుందామన్నా ఆగక, నవ్వింది.

గోడ లోపలి యంత్రాలు బాగు చేసి చూపించేదాకా తూర్పు కంపెనీ తెరవకూడదని వారంలో ఉత్తర్వు వచ్చింది. మిగతా రెండూ భయపడి వాటంతటవే బాగు చేయించుకోవడం మొదలుపెట్టాయి. మురళీమోహన్ తల పట్టుకున్నాడు గాని, పన్నెండు మంది ఇచ్చిన ఐదేసి స్టార్లను చెరపడం ఆయన వల్ల కాలేదు. నెల రోజుల్లో నిజంగా తొవ్వ నేర్చుకుంటేనే పని అని గడువు పెట్టాడు. మరునాటి నుంచి శ్రీశైలం టోపీ ఇంట్లో పెట్టి, తెల్లారకముందే రాజవ్వ మేకల వెనక నడవసాగాడు. ఊరివాళ్లు ఎదురైతే తల దించుకునేవాడు. అలా దించుకోబట్టే నేల మీది గుర్తులు కాస్త కాస్త తెలియసాగాయి.

నెల నిండాక ముత్యమ్మ ఆశగా అడిగింది. "ఎట్ల నేరుస్తున్నడక్కా మావోడు?"

రాజవ్వ మేకలను అదిలిస్తూ, "పెద్ద మేకలతోని పోల్చద్దు గని, పిల్లలల్ల నయమే," అంది.