మర్యాదకు లోటు రాని కాలు

అమెరికాలో లాంగ్ బీచ్‌లోని కంబోడియా శరణార్థుల ఆరోగ్యాన్ని ఇకమీదట వారి సంస్కృతికి వీసమెత్తు భంగం కలగకుండా కాపాడాలని ఒక సేవాసంస్థ తీర్మానించింది. నలభై ఏళ్లుగా వాళ్ల ఆరోగ్యం ఎలా ఉందో సంస్థకు తెలియదు. సంస్కృతి ఎలా ఉంటుందో మాత్రం ఈ మధ్యే శిక్షణలో తెలిసింది.

మొదటి శిబిరం బౌద్ధాలయంలో పెట్టారు. గుమ్మానికి అట్టముక్కలతో వాళ్ల దేశపు అంకోర్ గుడి గోపురాలు కట్టారు. రక్తం తీసే నర్సుకు అప్సరస కిరీటం పెట్టారు. అది కళ్లమీదికి జారి సూది పక్కకు పోయినా, కిరీటం అందంగా ఉంది కదా అని ఎవరూ తీయించలేదు.

సమోన్ అవ్వకు చక్కెర జబ్బు. అరికాళ్లు మొద్దుబారి చాలా కాలమైంది. మేజోడుకు అంటిన రక్తం చూసి కూతురు థావీ చెబితే తప్ప, మడమకు పుండు పడిందని ఆమెకే తెలియలేదు. తెల్లవారకముందే డోనట్ల కొట్టు తెరవాల్సిన థావీకి ఆసుపత్రికి తిప్పడానికి సెలవు దొరకదు. శిబిరానికి డాక్టరు వస్తాడు, సిగ్గుపడకుండా కాలు చూపించమని మరీ మరీ చెప్పి వెళ్లింది.

చెప్పినంత తేలిక కాదది. బుద్ధుడి ఎదుట, భిక్షువుల ముందు, చాప మీద కాళ్లు పక్కకు మడిచి కూర్చున్న మనిషి ఎవరి మొహం మీదికి పాదం చాపుతుంది? అయినా కూతురి మాట మీద, డాక్టరు దగ్గరికి రాగానే అవ్వ గుండె చిక్కబట్టుకుని మేజోడు మీద చెయ్యి వేసింది.

సంస్థ తరఫున సంస్కృతీ సమన్వయాధికారిణిగా వచ్చిన లిండ్సే ఒక్క ఉదుటున అడ్డుపడింది. మోకాళ్ల మీద కూర్చుని, బుద్ధుడికి తప్ప వాళ్లు ఎవరికీ జోడించనంత ఎత్తున చేతులు జోడించి, దుభాషి చేత చెప్పించింది.

"పెద్దమ్మగారూ, పాదం చూపడం మీలో తప్పని మాకు తెలుసు. మీకా ఇబ్బంది రానివ్వం. అందుకే ఈ శిబిరంలో పాదాల పరీక్ష మొత్తానికే తీసేశాం."

డాక్టరు గౌరవంగా మొహం తిప్పుకున్నాడు. అంత గౌరవం చేశాక పుండు మాట ఎత్తడానికి అవ్వకు నోరు రాలేదు. చిరునవ్వు నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు బాగుందని ఫొటో తీశారు.

పెళ్లి సందడిలో పుస్తె కట్టడం మరిచారని గిట్టనివాళ్లు అంటారు. అది అన్యాయం. వీళ్లు మరవలేదు, బాగా ఆలోచించే మానేశారు.

సాయంత్రం థావీ ఇంటికి వస్తూనే అడిగింది.

"చూపించావా అమ్మా?"

"వాళ్లే వద్దన్నారే. మన మర్యాద నాకంటే వాళ్లకే బాగా తెలుసు."

"మర్యాద సరే, పుండు సంగతో?"

"అది వాళ్లకు నేర్పలేదేమో."

థావీకి సెలవు దొరికేలోపే, మూడు వారాలకు అవ్వకు జ్వరం ముంచుకొచ్చి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరుకు ఏ శిక్షణా లేదు పాపం. మొరటుగా మేజోడు లాగేసి చూశాడు. అప్పటికే పాదం నల్లబడింది. మోకాలి కింది నుంచి కాలు తీసేశారు.

ఏడాది చివర సంస్థకు పురస్కారం వచ్చింది. సభలో అవ్వను చక్రాల కుర్చీలో ముందు వరుసకు తెచ్చారు. అలవాటు కొద్దీ ఉన్న ఒక్క కాలినీ ఆమె వెనక్కి ముడుచుకుంది. వేదిక మీది పెద్ద బొమ్మలో ఆ చిరునవ్వే ఉంది. నడుము దాకానే తీశారు కనుక మళ్లీ అచ్చు వేయించే ఖర్చు తప్పింది.

"మా సేవలో ఒక్క రోగి కూడా అవమానపడలేదు" అని లిండ్సే గద్గద స్వరంతో ప్రకటించింది.

సభంతా లేచి చప్పట్లు కొట్టింది. తల్లి కుర్చీ పట్టుకుని నిలబడిన థావీ మాత్రం కొట్టలేదు. వెనక వరుసలోని పెద్దమనిషి పక్కాయనకు మెల్లగా నచ్చజెప్పాడు, చప్పట్లు వాళ్ల ఆచారంలో లేవేమో, మనమే గౌరవించాలని.