ఊదా దీపంలో ముందుపన్ను

ముందే చెబుతున్నాను, ఈ సంగతి వింటూ మీరు ఎంత నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు. కాకపోతే నోరు బాగా తెరిచి నవ్వండి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

నేను రంగుల కొట్లో పనిచేస్తానని మీకు తెలుసు. గోడ నుంచి గోరంత పెచ్చు ఊడదీసి తెస్తే చాలు, దానికి సరిపోయే రంగు కలిపి ఇస్తాను. పాత రంగు ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ మొదలైందో ఇంటివాడికే తెలియదు. కొట్లో అందరూ నన్ను డేగకన్ను అంటారు. మా ఆవిడ మాత్రం, "డేగకన్నుకి ఎదురుగా ఉన్న తువ్వాలు కనబడదు" అంటుంది. ఆవిడ బడిలో లెక్కల టీచరు. అబద్ధం పట్టాలంటే ఆవిడకి చెప్పేవాడి ముఖం కూడా చూడక్కర్లేదు, అడుగుల చప్పుడు వింటే చాలు.

సీసా మూతలు పళ్ళతో తియ్యడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మూడేళ్ళ కిందట ఒకసారి అలా తీస్తుంటే ఆవిడ చూసి, ముఖం పాలిపోయి, అప్పటికప్పుడు నాచేత ఒట్టు వేయించుకుంది.

"ఒట్టు తప్పితే అరవను, ఏడవను. మాట్లాడటం మానేస్తాను. అంతే."

ఆ 'అంతే' ఎంతో నాకు తెలుసు. అంతకు ముందు ఆవిడ గొడుగు నేనే పారేసుకుని, దొంగ ఎత్తుకుపోయాడని చెప్పినందుకు పన్నెండు రోజులు మాట్లాడలేదు. ఇంట్లో గడియారం చప్పుడు, కుళాయి చుక్క చప్పుడు, నేను గుటక మింగే చప్పుడు, అంతకుమించి ఏమీ లేదు. మనిషి తిరుగుతూనే ఉంటుంది, కంచం పెడుతుంది, నావైపు చూస్తే నాలోంచి నా వెనకాల గోడని చూస్తున్నట్టు చూస్తుంది. ఎనిమిదో రోజున, బతికే ఉన్నానా అని నన్ను నేను గిల్లి చూసుకున్నాను.

పోయిన నెలలో ఒకరోజు ఆవిడ వాళ్ళక్కయ్య ఇంటికి బయల్దేరింది. మర్నాడు పొద్దున్నే వస్తానంది. ఆవిడని బస్సెక్కించి ఇంటికొచ్చి, కుర్చీకి రంగు వేద్దామని కూర్చుంటే రంగు సీసా మూత బిగుసుకుపోయింది. ఇంట్లో ఎవరూ లేరు. మూత పళ్ళ మధ్య పెట్టాను. టిక్కుమంది. మూత రాలేదు, పన్ను వచ్చింది. ముందుపన్ను మూల, బియ్యపు గింజంత.

ఊడిన ముక్క కోసం గదంతా మోకాళ్ళ మీద పాకాను. దొరకలేదు. మింగేశాననుకున్నాను. ఆవిడ వచ్చేలోగా పన్ను అతికించుకుంటే ఒట్టు తప్పినట్టు నాకూ దేవుడికీ తప్ప తెలియదని లెక్కవేశాను. లెక్కల టీచరు మొగుడు వెయ్యకూడని లెక్క అది.

వీధి చివర మేడ మీద ఒక ముసలి పళ్ళ డాక్టరు ఉన్నాడు. ఎంతసేపు మాట్లాడినా గొంతు పెగలదు, అన్నీ గుసగుసలే. అందరూ గుసగుస డాక్టరంటారు. గదిలో రోగులెవరూ లేరు. బల్ల మీద ఒక కమ్మీకి గుచ్చిన పదహారు పళ్ళున్నాయి, లేత పసుపు నుంచి బూడిద రంగు దాకా వరసగా. చిగుళ్ళు లేవు, పెదాలు లేవు, నవ్వు మాత్రం ఉంది.

చీటీ మీద నా ఇంటి నంబరు రాసుకుంటూ ఆయన కలం ఆపాడు.

"ఆ ఇల్లా?" అన్నాడు. "ఆ ఇంటికి ముందుపళ్ళు అచ్చిరావు."

ఎందుకని అడిగేలోపే దీపాలన్నీ ఆర్పి, నన్ను కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, పళ్ళు నాలుకతో తడుపుకోమన్నాడు. కమ్మీకున్న పళ్ళు ఒక్కొక్కటే నా పన్ను పక్కన పెట్టి చూసి, ఒకదాని దగ్గర ఆగాడు.

"ఇదే మీ రంగు" అన్నాడు, జాతకం చెప్పినట్టు.

తరవాత నన్ను పడుకోబెట్టి, నోట్లో దూది కుక్కి, గాలి ఊది పన్ను బాగా ఆరబెట్టాడు. పన్ను రంగు ముద్ద తీసి అతికించబోతుంటే నేను ఊరుకోలేక అద్దం అడిగాను. చూస్తే నా పళ్ళు తళతళలాడుతున్నాయి, ముద్ద పచ్చగా ఉంది.

"పసుపు ఎక్కువైంది డాక్టరుగారూ. రెండు మెట్లు తెలుపు వెయ్యండి."

"ఇప్పుడు పళ్ళు ఆరి తెల్లబడ్డాయి. తడి తగిలితే మళ్ళీ మామూలు రంగుకొస్తాయి. ముందు చూసిందే అసలు రంగు."

"ఇరవై ఏళ్ళుగా రంగులు కలుపుతున్నానండీ."

"గోడలకి."

"ఎక్కడైనా రంగు రంగే కదండీ!"

ఆయన పసుపు ముద్ద పక్కన పెట్టాడు. "మీ నోరు, మీ ఇష్టం" అని తెల్ల ముద్ద పెట్టి, నీలం దీపంతో గట్టిపరిచాడు. తడి గోడని చూసి రంగు నిర్ణయించకండి, ఆరనివ్వండి అని రోజుకి పదిమందికి చెప్పే మనిషిని నేను. అదే తప్పు నా నోట్లో తిరగేసి చేశానని అప్పుడు తట్టలేదు.

అద్దంలో చూసుకుంటే అతుకు కనబడలేదు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి గుసగుస వినిపించింది.

"నేను వాడేది పాతకాలపు ముద్ద. అన్ని వెలుతుర్లలోనూ పన్నులాగే ఉంటుందని మాటివ్వలేను."

ఇంటికొచ్చి గంటకోసారి అద్దం చూసుకున్నాను. నాలుగింటికి బాగుంది. ఆరింటికి ఆ మూల కాస్త తెల్లగా కనిపించింది. తెల్లారేసరికి సున్నం కొట్టినట్టుంది. పన్ను పెరగడం విన్నాను గానీ దానంతటదే తెల్లబడటం ఎప్పుడూ వినలేదు. నాది కానిదేదో నా నోట్లో చేరి, రాత్రంతా మేలుకుని ఉందనిపించింది. నిజంగా భయమేసింది.

అంతలో మా ఆవిడ వచ్చేసింది. నేను పైపెదవి కిందికి లాగి పట్టుకుని తలుపు తీశాను.

"మీసం కిందికి జారిందేం?"

"పెరుగుతోంది."

"ఒక్క రాత్రిలోనా?"

"నువ్వు లేవుగా."

ఆవిడ సంచి కింద పెట్టింది. చీపురు తీసుకుని గది ఊడవసాగింది. కుర్చీ దగ్గర ఒక్క క్షణం వంగింది, లేచింది. ఆ తరవాత కూనిరాగం తియ్యడం మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ కూనిరాగం తియ్యగా నేను వినలేదు.

"ఏమండీ, ఒకసారి నవ్వండి."

"ఎందుకూ?"

"నిన్నటి నుంచీ చూడలేదుగా."

"నవ్వొచ్చే సంగతేదైనా చెప్పు."

"ఎదురుగా మీరున్నారుగా, ఇంకా చెప్పడమెందుకు?"

సాయంత్రం చీకటి పడుతుండగా కరెంటు పోయింది. హాల్లో దోమల కోసం కొన్న ఊదారంగు దీపం ఒక్కటి వెలుగుతోంది, అది బ్యాటరీతో నడుస్తుంది. ఇదే అదను, పన్ను సంగతి చూద్దామని అద్దం ముందు నిలబడి నోరు తెరిచాను.

అద్దంలో నా ముఖం లేదు. పళ్ళు మాత్రం ఉన్నాయి, చీకట్లో నీలంగా వెలుగుతూ. ముందుపన్ను మూల లేదు.

నాలుకతో తడిమాను, ఉంది. వేలితో నొక్కాను, ఉంది. అద్దంలో చూస్తే లేదు, నల్లటి ఖాళీ. పొద్దున సున్నంలా ఉన్నది సందెవేళకి ఎక్కడికి పోయింది?

అప్పుడే నా భుజం వెనక, చీకట్లో, ఇంకో పళ్ళ వరస మెల్లగా తెరుచుకుంది. అదీ నీలంగా వెలుగుతోంది. అదే ముందుపన్ను, అదే మూల, అదే నల్లటి ఖాళీ. నా నవ్వే నన్ను వదిలేసి నా వెనకాల నిలబడిందనుకున్నాను. ఎంత అరిచానంటే దోమలు కూడా పారిపోయాయి.

"అరవకండి, నేనే" అంది మా ఆవిడ.

"నీ... నీ పన్ను..."

"పెళ్ళికి నెల ముందు గుండీ దారం కొరకబోయి గుండీ కొరికాను. ఆ గుసగుస డాక్టరే అతికించాడు. మీరు చూసింది ఎప్పుడూ అతికించిన పన్నే."

"ఇరవై రెండేళ్ళుగానా?"

"నాలుగేళ్ళకోసారి మెరుగు పెట్టించుకుంటున్నాను. లైబ్రరీకి వెళ్తున్నానని చెప్పి వెళ్ళేదాన్ని. ఈ దీపం కొన్న రోజే నా గుట్టు నాకు కనబడింది. అప్పటి నుంచీ దీని దగ్గర నోరు తెరవలేదు. ఆ నొప్పి తెలుసు కాబట్టే మీచేత ఒట్టు వేయించుకున్నాను."

గుప్పిట తెరిచింది. అరచేతిలో బియ్యపు గింజంత ముక్క మిణుకుమిణుకుమంటోంది. నా పన్ను ముక్క.

"పొద్దున కుర్చీ కింద దొరికింది. అసలుది ఈ వెలుగులో మెరుస్తుంది, అతికించింది మెరవదు. అందుకే కరెంటు నేనే ఆపాను."

ఎన్ని వేల గోడల్లో అతుకులు కనిపెట్టాను! ఇరవై రెండేళ్ళు ఎదురుగా కూర్చుని నాతో మాట్లాడిన నోటిని ఒక్కసారి సరిగ్గా చూడలేదు. సిగ్గేసింది. అంతకంటే భయమేసింది, ఇప్పుడు ఆ నోరు మూతపడుతుందేమోనని.

"నువ్వూ దాచావుగా! చెరి ఆరు రోజులు మానేద్దాం" అన్నాను.

"ఒట్టు వేసింది మీరు, నేను కాదు."

చీకట్లో పళ్ళు మాయమయ్యాయి. గడియారం చప్పుడు వినబడింది. కుళాయి చుక్క చప్పుడు వినబడింది. ఆవిడ ఉందో, వెళ్ళిపోయిందో తెలియలేదు.

"ఏదో ఒకటి అనవే" అన్నాను. నా గొంతు నాకే గుసగుసలా వినిపించింది.

ఎంతసేపటికో జవాబొచ్చింది.

"మాట్లాడతాను. కానీ ఆ పన్ను మార్పించకూడదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఈ సంగతి మీ నోటితోనే చెప్పాలి. నాదీ చెప్పండి, దాచి దాచి నాకూ విసుగొచ్చింది."

అందుకే మీకు చెబుతున్నాను. మొన్న మా తోడల్లుడు వదినగారితో వస్తే అతనికీ చెప్పాను. పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఊదా వెలుగులో అతని నోట్లో నాలుగు పళ్ళు లేవు. వదినగారు అప్పటి నుంచీ అతనితో మాట్లాడటం లేదట.

ఆఁ, అలాగే, నవ్వండి, బాగా నవ్వండి. మా ఆవిడ ఇప్పుడే లేచి లోపలికి వెళ్ళింది. మెయిన్ స్విచ్ అటువైపే ఉంది.